ఇంకా పంతొమ్మిది వందల పన్నెండు కిలోమీటర్లు

గుమ్మడిగెడ్డ పోలీస్ స్టేషన్ జీపు చచ్చిపోయిందని ఊళ్లో పాలు పోసేవాడి దగ్గర్నుంచి పంచాయతీ ప్రెసిడెంటు దాకా అందరికీ తెలుసు. తెలియనిదల్లా డిపార్టుమెంటుకే.

నాగులచవితి మర్నాడు పోయింది. సంత బందోబస్తు చూసుకుని తిరిగొస్తుంటే పల్లం దిగేచోట లోపలెక్కడో రోకలి విరిగినంత చప్పుడైంది. డ్రైవరు హెడ్ కానిస్టేబుల్ గౌరీసు దిగి, బానెట్ ఎత్తి చూసి, మళ్లీ దించేసి, నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పక్క సీట్లో ఉన్న ఎస్సై శశికళ గారికి అది చూశాక ఇంకేమీ అడగాలనిపించలేదు.

మెకానిక్ వచ్చి చూశాడు. "ఇంజను పట్టేసింది గౌరీసూ. ఇది ఇంక ఇంజను కాదు, దిమ్మ. కూకోడానికి పనికొత్తాది" అని చేతులు తుడుచుకున్నాడు.

జీపుకి పందొమ్మిదేళ్లు. అందులో పదకొండేళ్లు గౌరీసు చేతిలోనే తిరిగింది. జీపు పోయినందుకు అతనికి బాధ లేదని కాదు. కానీ ఆ బాధ కింద చిన్న సంతోషం కూడా ఉంది. దానికి కారణం నూట ఇరవై కిలోమీటర్ల అవతల తామరపల్లిలో ఉంది. ఆమె పేరు సుందరమ్మ. అక్కడి అంగన్‌వాడీలో టీచరు. ఆ ఉద్యోగానికి బదిలీల్లేవు. గౌరీసు ఉద్యోగానికి ఉన్నాయిగాని జరగవు. పదకొండేళ్లుగా మొగుడూ పెళ్లాల కాపురమంతా ఫోన్లోనే. "తిన్నావా?" "తిన్నాను. నువ్వో?" "తిన్నాను. ఉంటాను." నెలకోసారి రెండ్రోజుల సెలవు.

తామరపల్లికి బదిలీ ఇప్పటికి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ మురిగిపోయింది. పోలీసు జీపుకీ దాని డ్రైవరుకీ డిపార్టుమెంటు ముడేసేసింది. జీపు పనికిరాదని కండెమ్ అయి దాని స్థానంలో కొత్తది వస్తేగాని పాత డ్రైవర్ని వదలరు. మూడో ఆర్డరు జనవరి మొదట్లో వచ్చింది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటిలోగా తామరపల్లి స్టేషన్లో చేరాలి, లేకపోతే రద్దు. నాలుగేళ్లలో రిటైరయ్యే మనిషికి నాలుగో ఆర్డరు ఎవరిస్తారు?

"ఈసారి దేవుడే జీపుని తీసుకుపోయాడు" అంది సుందరమ్మ ఫోన్లో. "కొబ్బరికాయ కొట్టనా?"

"ఆగు. ఇంకా కాయితం రాలేదు" అన్నాడు గౌరీసు.

కాయితం వచ్చింది. జిల్లా వాహనాల అధికారి విశ్వంభరరావు గారి సంతకంతో. స్టేషన్ రైటరు జోగినాయుడు దాన్ని గట్టిగా చదివాడు. స్టేషన్లో రూల్సన్నీ నోటికొచ్చినవాడు అతనొక్కడే.

"విషయము: గస్తీ వాహనము యొక్క నిరర్థక ప్రకటన. మీ ప్రతిపాదన పరిశీలించబడినది. గస్తీ వాహనము లక్ష కిలోమీటర్లు పూర్తి చేసిన పిదపనే నిరర్థకముగా ప్రకటించుటకు అర్హత పొందును. సదరు వాహనము మీటరు ప్రకారము తొంబై ఎనిమిది వేల ఎనభై ఎనిమిది కిలోమీటర్లు మాత్రమే నడిచినది. కావున మిగిలిన పంతొమ్మిది వందల పన్నెండు కిలోమీటర్లు నడిపించి, పిదప తిరిగి ప్రతిపాదించవలెను. మరియు ఇంజను పనిచేయని వాహనమునకు డీజిలు మంజూరు నిబంధనలకు విరుద్ధము."



"పందొమ్మిదేళ్లకి తొంబై ఎనిమిది వేలేటి రైటరుగారూ?" అన్నాడు గౌరీసు. "నానే రెండు లచ్చలు తోలుంతాను."

"మజ్జిలో తొమ్మిదేళ్లు మీటరు పనిచెయ్యలేదు కదటోయ్. పనిచెయ్యలేదని లాగు బుక్కులో రాసింది నువ్వే కదా. నిజాయితీగా!"

అదీ నిజమే. మీటరు రిపేరుకి పెట్టిన అర్జీకి తొమ్మిదేళ్ల తర్వాత శాంక్షన్ వచ్చింది. కొత్త కేబులేసి మీటరు బాగుచేసిన వారానికే ఇంజను పోయింది. ఇప్పుడా జీపులో సవ్యంగా పనిచేసేది మీటరొక్కటే.

శశికళ గారు కొత్త ఎస్సై. ముప్పై దాటలేదు. కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. "నడవని బండిని ఎలా నడిపిస్తారయ్యా?"

జోగినాయుడు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇంజను నడవాలని ఇందులో లేదు మేడమ్. మీటరు తిరగాలని ఉంది. మీటరు తిరిగేది చక్రాల వల్ల."

మర్నాడు స్టేషను ఆవరణలో జీపు వెనక భాగాన్ని జాకీల మీద ఎత్తారు. ఇద్దరేసి కానిస్టేబుళ్లు చెరో చక్రం పట్టుకుని రాట్నంలా తిప్పడం మొదలుపెట్టారు. తాగి గొడవ చేసి లాకప్‌లో పడ్డ ఒక పెద్దమనిషి ఊచల్లోంచి చూసి, "నానూ ఓ సెయ్యేత్తాను బావూ, ఊరకుంటే ఏటి తోస్తాది?" అన్నాడు. వేయించారు. సాయంత్రానికి పద్నాలుగు కిలోమీటర్లయింది. గౌరీసు లాగు బుక్కు తీసి, ఉన్నదున్నట్టు రాశాడు. "స్టేషన్ ఆవరణ నుంచి స్టేషన్ ఆవరణకు. 14 కి.మీ. విధానం: చేతితో."

ఆ నిజాయితీకి ఫలితం వారంలో వచ్చింది.

"స్థలము మారని కిలోమీటర్లు గస్తీ కిలోమీటర్లుగా పరిగణించబడవు. అట్లు అక్రమముగా పొందిన పద్నాలుగు కిలోమీటర్లను తక్షణమే వెనుకకు తిప్పి నివేదించవలెను."

మళ్లీ జాకీలు. మళ్లీ చక్రాలు, ఈసారి వెనక్కి. లాకప్ పెద్దమనిషి అప్పటికే విడుదలైపోయాడుగాని, కబురు పెడితే వచ్చాడు. "ముందే సెప్పుంటే అటే తిప్పీవోలం కదా" అని కానిస్టేబుళ్లని మందలించాడు కూడా.

మీటరు తొంబై ఎనిమిది వేల ఎనభై ఎనిమిది దగ్గర మళ్లీ నిలబడింది. గౌరీసు క్యాలెండరు చూశాడు. జనవరి ఇరవై రెండు.

ఆ రోజు మధ్యాహ్నం గౌరీసే తవుడు ఇంటికెళ్లాడు. తవుడికి రెండు జతల ఎడ్లున్నాయి. కర్రల బండి తోలతాడు.

"నీ ఎడ్లు రోజుకెంత దూరం లాగుతాయి తవుడు మావా?"

"బరువెంత?"

"జీపు."

తవుడు చుట్ట నోట్లోంచి తీసి అల్లుడి వరసవాడి మొహంలోకి పరీక్షగా చూశాడు. "ఎండ దెబ్బ తగిలినాదేటి?"

"సుందరమ్మ కాడికెళ్లాల మావా" అన్నాడు గౌరీసు.

తవుడు చుట్ట ఆర్పేశాడు. "పొద్దున ఓ జత, మజ్జానం ఓ జత. ముప్పై దాకా లాగిస్తాను. పద."

అలా గుమ్మడిగెడ్డలో ఎడ్లు కట్టిన పోలీసు జీపు రోడ్డెక్కింది. ముందు తవుడు ములుకర్రతో నడుస్తాడు. స్టీరింగు దగ్గర గౌరీసు యూనిఫారంలో నిటారుగా కూర్చుంటాడు. పక్కన ఎస్సై గారో, కానిస్టేబులో. మొదటిరోజు సైరన్ వేసి చూశారు. ఎడ్లు రెండూ జీపుతో సహా పెసరచేలోకి దూకాయి. అప్పట్నుంచి సైరను బదులు తవుడే "హైఁ... హైఁ... పోలీసోలమ్మా, తొలగండి!" అని అరిచేవాడు.

పదో రోజున విశ్వంభరరావు గారు స్వయంగా తనిఖీకొచ్చారు. మడత నలగని చొక్కా, చేతిలో ఫైలు. ఎడ్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఆలోచన అభినందనీయం. కానీ పద్ధతి ఉండాలి. ఈ వాహనం మైలేజి ఎంత?"

"రోజుకి ముప్పై సార్" అన్నాడు గౌరీసు.

"అది దూరం. నేనడిగేది లీటరుకెంతని."

"లీటరేటి బావూ?" అన్నాడు తవుడు. "ఇవి కుడితి తాగుతాయి."

"సరే, కుడితే. లీటరు కుడితికి ఎన్ని కిలోమీటర్లు?"

పరీక్ష పెట్టారు. కొలిచి పది లీటర్లు తాగించారు. తవుడు ఒద్దొద్దంటున్నా గడ్డి పెట్టనివ్వలేదు, ఇంధనాలు కలవకూడదని. తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఎడ్లు ఆగి, రోడ్డు పక్క పచ్చిక మేయసాగాయి. "లీటరుకు సున్న పాయింటు తొమ్మిది" అని రాసుకున్నారు అధికారి గారు. ఆయన రాస్తుండగానే కుడి ఎద్దు తోక ఎత్తి తన పని తాను చేసుకుంది. అధికారి గారు రెండడుగులు వెనక్కి వేసి, "పొగ పరీక్ష సర్టిఫికెట్టు ఉందా?" అన్నారు.

తవుడి సంగతి ఇంకా చిక్కైంది. సొంత మనుషులు తప్ప బయటివాళ్లు పోలీసు వాహనం నడపకూడదు. తవుడు నడపటం లేదు, ముందు నడుస్తున్నాడంతే. చర్చించి చర్చించి చివరికి అతన్ని విడిభాగాల జాబితాలో చేర్చారు. క్లచ్ ప్లేటుకీ క్యాబిన్ లైటుకీ మధ్యన. "తవుడు, ఒకటి."

"నాను మనిసిని కాదేటి?" అన్నాడు తవుడు ఆ రాత మీద వేలిముద్ర వేస్తూ.

"జిల్లాలో దొరికే విడిభాగాల్లో పనిచేసేది నువ్వొక్కడివే తవుడూ, గర్వపడు" అన్నాడు జోగినాయుడు.

ఊరు అలవాటు పడిపోయింది. జీపు వెళుతుంటే ఆడవాళ్లు పక్కనే నడుస్తూ ఫిర్యాదు మొదట్నుంచి చివరిదాకా చెప్పేవారు. ముసలివాళ్లు వెనకసీట్లో ఎక్కి సంత దగ్గర దిగేవారు. కోళ్లదొంగ గుర్నాథం సైకిలు మీద జీపుని దాటుకుంటూ, "నమస్తే మేడమ్. తొందర్లో ఉన్నాను, మళ్లీ కలుత్తాను" అనేసి పోయేవాడు. సైకిలు హ్యాండిలుకి కోడి వేలాడుతుండేది. శశికళ గారు కిందికి దూకి పరుగెత్తబోతే గౌరీసు గుర్తుచేసేవాడు: "మేడమ్, మీరు దిగితే ఇది గస్తీ కాదు. డ్రైవరొక్కడే తోలిన కిలోమీటర్లు కొట్టేస్తారు."

ఆవిడ పళ్లు కొరుక్కుంటూ కూర్చునేది. గౌరీసు కోసం.

నవ్వులాట ఫిబ్రవరి పంతొమ్మిదిన ఆగింది.

మిట్టమధ్యాహ్నం ఫోనొచ్చింది. పదిహేడు కిలోమీటర్ల అవతల కొండతామర నుంచి, మంగ అనే ఆవిడ. "మా ఆయన తలుపు గడియపెట్టీసి కిరసనాయిలు పోస్తన్నాడమ్మా" అంది. వెనకాల పిల్లల ఏడుపు. ఫోను తెగింది.

శశికళ గారు లేచేసరికి బయట మధ్యాహ్నం జతని కాడికి కడుతున్నాడు తవుడు. "ఎంతసేపు?" అంది ఆవిడ.

"సీకటి పడిపోద్దమ్మా" అన్నాడు తవుడు నేల చూస్తూ.

గౌరీసు గోడవార ఉన్న తన సొంత మోటారుసైకిలు తీశాడు. "ఎక్కండి మేడమ్."

ఇరవై అయిదు నిమిషాల్లో వెళ్లారు. తలుపు విరగ్గొట్టింది శశికళ గారే. అగ్గిపెట్టె అప్పటికే వాడి చేతిలో ఉంది. మంగా పిల్లలూ తడిసిన బట్టలతో మూల నక్కి ఉన్నారు. గౌరీసు వాడి చెయ్యి మెలిపెట్టి అగ్గిపెట్టె లాక్కున్నాడు.

ఆ వారంలో మెమో వచ్చింది.

"తేదీ పంతొమ్మిదిన శాఖా వాహనము సిద్ధముగా ఉండగా, దానిని వాడక ప్రైవేటు వాహనములో ముప్పై నాలుగు కిలోమీటర్లు ప్రయాణించినారు. ఇందువలన శాఖా వాహనము సదరు కిలోమీటర్లను కోల్పోయినది. ఇట్టి నష్టమునకు మీపై ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

"ముగ్గురి ప్రాణాలు దక్కాయని రాద్దామా?" అన్నాడు జోగినాయుడు కలం పట్టుకుని.

"ఒద్దు" అన్నాడు గౌరీసు. "ప్రాణాలకి కిలోమీటర్లెన్నని అడుగుతారు. ముప్పై నాలుగూ ఎక్కువ తోలి పూడుస్తానని రాయండి."

పూడ్చాడు. తెల్లవారకుండా ఎడ్లు కట్టేవారు. తవుడు వాటి మెడలకి ఆముదం రాసేవాడు, గౌరీసు వాటి కాళ్లకి నీళ్లు కొట్టేవాడు. ఎండలు ముదిరాయి. ఏకటాకీగా లాగలేక ఎడ్లు నురగలు కక్కినచోట కానిస్టేబుళ్లు దిగి వెనక నుంచి తోసేవారు. ఇంత జరుగుతున్నా పైనుంచి సంతోషమే వినబడుతోంది. గుమ్మడిగెడ్డలో డీజిలు ఖర్చు లేదు, యాక్సిడెంట్లు లేవు, అతివేగం మీద ఒక్క ఫిర్యాదూ లేదు. పేపర్లో ఫోటో పడింది. ఎవరో పెద్ద అధికారి సభలో, "ఇది నిదాన గస్తీ. పరిగెత్తే పోలీసుని చూస్తే ప్రజలు భయపడతారు, నడిచే పోలీసుని చూస్తే నమ్ముతారు. ఇది జిల్లా అంతటా విస్తరించాలి" అన్నారని, చప్పట్లు మోగాయని వార్త.

మార్చి ముప్పై ఒకటి, పొద్దున పదకొండు గంటలు. కండెమ్ కమిటీ వచ్చింది. విశ్వంభరరావు గారూ ఇంకో ఇద్దరూ. జీపు స్టేషను గేటుకి అరకిలోమీటరు దూరంలో ఉంది. మీటరులో అయిదు తొమ్మిదులు వరసగా నిలబడ్డాయి. ఊరంతా పక్కనే నడుస్తోంది. గేటులో అడుగుపెడుతుండగా మీటరులో అంకెలన్నీ ఒక్కసారే కదిలాయి. టక్కున ఆగాయి.

జనం చప్పట్లు కొట్టారు. తవుడు ఎడ్ల మెడలు నిమిరాడు. విశ్వంభరరావు గారు కళ్లజోడు పెట్టుకుని లోపలికి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"సున్నా" అన్నారు.

"సార్?"

"సున్నా. అయిదు సున్నాలు."

"దాన్లో అయిదు గళ్లే ఉన్నాయి సార్" అన్నాడు జోగినాయుడు కంగారుగా. "లక్షకి ఆరు గళ్లు కావాల. లక్షయితే మళ్లీ మొదటికొస్తాది."

"జోగినాయుడు గారూ, మీరు ఊహిస్తున్నారు. కమిటీ ఊహించదు. కమిటీ చదువుతుంది." ఆయన నిటారుగా నిలబడ్డారు. "మీటరు ప్రకారం ఈ వాహనం ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు. అంటే ఇది కొత్త వాహనం. కొత్త వాహనం పెట్టుకుని మళ్లీ కొత్తది అడగటం ఏమిటండీ?"

శశికళ గారి ముఖం ఎర్రబడింది. "సార్, తలుపుకి చిల్లులు చూడండి! ఇంజను..."

"కొత్త వాటిలో తయారీ లోపాలు సహజం."

గౌరీసు స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు. ఇవాళ సాయంత్రం అయిదు. మళ్లీ లక్ష కిలోమీటర్లు, రోజుకి ముప్పై చొప్పున... తొమ్మిదేళ్లు. అప్పటికి తను రిటైరై అయిదేళ్లయి ఉంటుంది.

అప్పుడు విశ్వంభరరావు గారు అతని వైపు తిరిగారు. "డ్రైవర్, రికార్డు కోసం అడుగుతున్నాను. పదకొండేళ్లు నువ్వు తోలిన పాత వాహనం ఇదేనా?"

అబద్ధం చెప్పడం గౌరీసుకి చేతకాదు. తొమ్మిదేళ్లు మీటరు పనిచెయ్యలేదని రాసింది అతనే. ఎస్సై గారి వైపు చూశాడు. ఆవిడ నోరు తెరిచి ఉంది. పోట్లాడటానికి సిద్ధంగా. పోట్లాడితే ఎంక్వయిరీ, ఎంక్వయిరీ అంటే ఏప్రిల్. ఆవిడ గౌరీసు కళ్లలోకి ఒక్క క్షణం చూసింది. నెమ్మదిగా నోరు మూసుకుంది.

"అయ్యా" అన్నాడు గౌరీసు, "పాత బండి తొంబై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంబై తొమ్మిదిండి. ఇది సున్నా. తమరు చదివిందే రైటయితే, ఈ బండిని నానొక్క కిలోమీటరైనా తోలలేదండి."

కమిటీ సభ్యులు ముగ్గురూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. తర్వాత విశ్వంభరరావు గారు ప్రకటించారు. "సమంజసం. ఇది కొత్త వాహనమైతే పాతది వెళ్లిపోయినట్టే. పాతది వెళ్లకుండా కొత్తది రాదు, అది నిబంధన. కాబట్టి పాత వాహనం కండెమ్ అయింది. ఎస్సై గారూ, కొత్త వాహనం ముట్టినట్టు సంతకం చెయ్యండి. పాతదాని డ్రైవరుని రిలీవ్ చెయ్యండి."

"పాతది ఎక్కడికెళ్లిందని రాయమంటారు?" అన్నాడు జోగినాయుడు, బుద్ధిగా.

"కాలగర్భంలోకి. అలాంటి గడి ఒకటుంటుంది, చూడండి."

శశికళ గారు సంతకం పెట్టింది. కలం కాగితంలోకి దిగబడింది. కమిటీ వెళ్లిపోయాక గౌరీసు ఆవిడ ముందు నిలబడి సెల్యూట్ చేశాడు. "మేడమ్, మీకు బండి..."

"పోవయ్యా, బస్సు తప్పిపోతుంది. బండి సంగతి నేను పైవాళ్లతో తేల్చుకుంటాను. సున్నా నుంచి మొదలుపెడతాను, అంతేగా?" తల తిప్పుకుని, "నీ మోటారుసైకిలు మాత్రం ఇక్కడ వదిలెయ్" అంది.

తాళంచెవి బల్ల మీద పెట్టి బస్సెక్కాడు.

అదే రోజు సాయంత్రం నాలుగూ నలభైకి తామరపల్లి స్టేషన్లో గౌరీసు సంతకం పెట్టాడు. అక్కడి రైటరు కాగితాలు చూసి లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "నువ్వేనా గుమ్మడిగెడ్డ గౌరీసువి! నిదాన గస్తీ! సర్కులర్ వచ్చేసింది బావూ, జిల్లాలో అన్ని బళ్లకీ రేపట్నుంచి ఎడ్లే. మాది మొన్నొచ్చిన కొత్త జీపు. నీకోసమే ఇంజను దింపించి షెడ్లో పెట్టాం."

గౌరీసు కాసేపు ఆ జీపు వంక చూశాడు. తర్వాత గస్తీ దారి రాసుకునే పుస్తకం అడిగి తీసుకున్నాడు. పది వీధులున్నాయి. ప్రతి రెండు వీధుల మధ్యా అంగన్‌వాడీ వీధి పేరు మళ్లీ మళ్లీ రాశాడు.

ఏప్రిల్ ఒకటిన పొద్దున జీపు ఆ వీధిలోకి తిరిగింది. అరుగు మీద సుందరమ్మ స్టీలు గ్లాసుతో టీ పట్టుకుని నిలబడి ఉంది. జీపు ఆగలేదు, ఆగితే గస్తీ కాదు. ఆవిడ దిగి వచ్చి కిటికీలోంచి గ్లాసందించి పక్కనే నడిచింది. గౌరీసు ఊదుకుంటూ, చప్పరిస్తూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. వీధి ఇంకా సగం కూడా అవలేదు.

"ఎల్లొస్తాను మరి" అన్నాడు గ్లాసు తిరిగిస్తూ.

సుందరమ్మ ఎడ్లని చూసింది, మొగుణ్ని చూసింది, కొంగుతో నవ్వు అదుముకుంది. "ఎల్లు, ఎల్లు. ఈ జోరున నువ్వు వీధి దాటేలోగా అన్నం కూడా వండీసి తెస్తాను."